నంద్యాల మిల్లులో ఆఖరి పళ్ళెం

మట్టిలో గింజను దాచి, సమయానికి దాన్ని లేపి, ప్రతి ప్రాణికీ దాని వేళకు ఆహారం పెట్టే దేవునికి స్తోత్రం. పెద్దవాడై ఉండి కూడా నడుముకు తువాలు కట్టుకుని తనవారి పాదాలు కడిగిన ప్రభువుకు స్తోత్రం. ప్రయాణంలో నన్ను కాపాడినందుకు, అరవై మూడో ఏట కూడా నన్ను దిద్దదగిన పిల్లగా ఎంచినందుకు ఆయన నామానికే మహిమ.

మన సంఘంలో నంద్యాల వైపు వెళ్ళినవారు తక్కువ. నేను పుట్టింది అక్కడే అయినా, బాపట్ల కోడలినై నలభై ఏళ్ళు దాటాయి. పెళ్ళిళ్ళకూ చావులకూ తప్ప పోలేదు. ఈ మే నెలలో నాలుగు రోజులు ఉండి వచ్చాను. వెళ్ళింది ఒక సంతకం కోసం.

అక్కడ నా తమ్ముడు ఆనందానికి బియ్యం మిల్లు ఉంది. అది కట్టిన స్థలం మా అమ్మ మా ఇద్దరికీ కలిపి ఇచ్చింది. రెండేళ్ళ కిందట వాడికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ సగం మాటా పోయాయి. అప్పటినుంచి మిల్లు నడుపుతున్నది వాడి ఒక్కగానొక్క కూతురు సుగుణ. ఇప్పుడేమో మిల్లును ఆమె మేనమామ సుందరం చేతికి అప్పగించాలని ఇంట్లో మాట. సుందరానికి పాణ్యంలో లారీలున్నాయి, గట్టి మనిషి. "అమ్మాయికి మెత్తదనం ఎక్కువ వదినా, హమాలీలు లెక్కచెయ్యరు. ఆదివారం ఆరాధన అయినాక కూర్చుందాం. నువ్వు ఏమంటే అదే," అని మా మరదలు సుశీల ఫోన్ చేసింది. కాగితం మీద నా సంతకం కూడా పడాలి మరి.

నిజం చెప్పాలి. సంతకం పెట్టే ఉద్దేశంతోనే బయల్దేరాను. నేను పద్దెనిమిదేళ్ళు ప్రధానోపాధ్యాయురాలిగా చేశాను. వరండా చివర నేను దగ్గితే ఏడు తరగతులు నిశ్శబ్దమయ్యేవి. "మగవాళ్ళకంటే గట్టిగా నడిపింది" అని రిటైరైన రోజు వేదిక మీద చెప్పారు. ఆ మాటను నేను శాలువాకంటే భద్రంగా దాచుకున్నాను.

గిద్దలూరు దాటాక

రైలు గిద్దలూరు దాటితే నల్లమల మొదలవుతుంది. సొరంగం రాగానే పెట్టెలో పిల్లలంతా ఒక్కసారి కేక వేస్తారు. మా బాపట్ల వైపు రైలు కిటికీలోంచి చూస్తే నేలంతా చదును. ఇక్కడ కొండ వచ్చి భుజం మీద పడుతుందా అనిపిస్తుంది.

ఎదురు సీటులో ఖాసింబీ అనే పెద్దామె కూర్చుంది. ఆకుపచ్చ చీర కొంగు తలమీదుగా కప్పుకుంది, ఒళ్ళో ఖాళీ గంప. ఊరు బనగానపల్లె. గిద్దలూరులో మామిడికాయలు దించి ఇంటికి పోతోంది.

"యాడికమ్మా? ఒక్కదానివే పోతాండావా?"

చెప్పాను. తన సంగతి అడిగితే, తోట గుత్తకు తీసుకున్నానని, పన్నెండు మంది మగవాళ్ళు తన కింద కాయలు కోస్తారని చెప్పింది.

"ఆడమనిషి మాట వింటారా?" అన్నాను.

"ఇనక యాడికి పోతారు? పొద్దున్నే అందర్నీ ఒక తూరి తిడ్తా. ఒకదినం తిట్టకుంటే, ఏంది ఖాసింబీకి ఒళ్ళు బాగలేదా అని అడుగుతారు," అని గంప కదిలేలా నవ్వింది. తర్వాత గంపలో మిగిలిన ఒక్క పండూ నా చేతిలో పెట్టింది. "మా ఆయప్ప బతికుండంగా ఆయప్పే తోట చూస్తాండె. నోరు లేసేది గాదు. ఆయప్పను బంగారమనిరి. నేను నోరు చేసుకుంటే గయ్యాళి అంటాండారు. పండ్లు మాత్రం ఇద్దరి కాలంలోనూ తియ్యగనే ఉండె గదమ్మా."

పండు బాగుందని అన్నాను. ఆమె మాట గురించి మాత్రం ఆలోచించలేదు.

తమ్ముడి ఇల్లు

తమ్ముడు గుమ్మం దగ్గరే కుర్చీలో ఉన్నాడు. వాడు ఒకప్పుడు మిల్లు గేటు దగ్గర కేక వేస్తే రోడ్డు అవతల టీ బంకులో గ్లాసులు కదిలేవని అనేవారు. ఇప్పుడు "అ... క్కా" అనడానికి పెదవులు రెండుసార్లు కలిసి విడిపోయాయి. ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. స్తోత్రం చెప్పుకుని కళ్ళు తుడుచుకున్నాను.

రాత్రి భోజనం జొన్నరొట్టె, వంకాయ కూర, చెనిగింజల పచ్చడి, అంటే మన వేరుశెనగ పచ్చడి. మా ఇంట్లో రొట్టె అంటే జ్వరం వచ్చినప్పుడు తినేది. ఇక్కడ రొట్టె లేకపోతే భోజనమే కాదు. సుశీల చేత్తో తడుతుంటే చప్పుడు తాళంలా పడుతోంది. నేనూ ఒకటి తట్టబోయాను. అది మూడు ముక్కలై పెనం మీద పడింది.

"బాపట్ల రొట్టె అట్లే ఉంటాదేమో," అన్నాడు అప్పుడే వచ్చిన సుందరం. అందరం నవ్వాం. మంచి మనిషే. కూర్చుంటూనే విషయానికి వచ్చాడు.

"అక్కా, పాప తెలివి గల్లదే. కాదన్లే. కానీ ప్రతిదానికీ హమాలీలను అడుగుతాది. లారీ ఎప్పుడు లోడ్ చేద్దాం అన్నా అంటాది. ఓనరు అడగ్గూడదక్కా, చెప్పల్ల. అడిగే ఓనరును యాడన్నా చూసినావా?"

చూడలేదన్నాను. సుగుణ గ్లాసుల్లో మజ్జిగ పోస్తోంది. ముప్పై రెండేళ్ళ పిల్ల. భర్త, బండి ఆత్మకూరు అనే ఊళ్ళో ఉపాధ్యాయుడు. ఆ మాట విని ఆమె సుందరం గ్లాసులో మజ్జిగ కాస్త ఎక్కువే పోసింది.

మిల్లులో మధ్యాహ్నం

శనివారం పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగులను, అంటే మరమరాలను, నీళ్ళలో నానబెట్టి, గట్టిగా పిండేసి, పోపు వేసి, పప్పుల పొడి చల్లుతారు. బజార్లో ప్లేటు నలభై రూపాయలు. పెసరట్టు తిన్న నాలుకకు మొదట వింతగా ఉన్నా, రెండో ప్లేటు నేనే అడిగాను. బజ్జీ కొరికాక నీళ్ళ కోసం పరుగెత్తిన సంగతి మాత్రం రాయకుండా వదిలేద్దామనుకున్నాను.

మిల్లులో తౌడు వాసన, ఆ మోత, గాలిలో తెల్లటి దుమ్ము. అంతా మా తమ్ముడి కాలంలో ఉన్నట్టే ఉంది, ఒక్క కేకలు తప్ప. సుగుణ ఒకచోట నిలబడలేదు. హమాలీల మేస్త్రి ఉసేన్‌తో నడుస్తూ మాట్లాడుతుంది. అతను ఏదో కాదంటే ఆగి వింటుంది. చూస్తుంటే నాకు చిరాకు వేసింది. పిల్లల్ని అడిగి పాఠం చెప్పే టీచరులా ఉందనుకున్నాను.

మధ్యాహ్నం వెనక షెడ్డులో అన్నం వండారు. కొత్తగా ఆడించిన బియ్యం బస్తాలకు ఎక్కించే ముందు, అందులోంచి రెండు శేర్లు తీసి వండి చూస్తారు. మచ్చు అన్నం అంటారు దాన్ని. బియ్యం చెరిగే ఆడవాళ్ళు ఐదుగురు, మేస్త్రి, ఇద్దరు హమాలీలు నేల మీద వరసగా కూర్చున్నారు. మొదట లచ్చుమమ్మ కూర్చుంది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, మా తమ్ముడి సంఘంలోనే సభ్యురాలు. సుగుణ ఇంకా కాటా దగ్గరే ఉంది. నన్ను గౌరవంగా కుర్చీలో కూర్చోబెట్టి పళ్ళెం ఇచ్చారు.

నేను లేచి గట్టిగా ప్రార్థన చేశాను. కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పొగలు కక్కుతున్న సన్నబియ్యం. ఆ తృప్తిలో షెడ్డంతా వినబడేలా అన్నాను: "ప్రభువుకు స్తోత్రం! అన్నం మల్లెపూవులా ఉంది. ఇంతకంటే మంచి బియ్యం ఉంటుందా!"

అందరూ నావైపు చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. నేను దాన్ని మర్యాద అనుకున్నాను.

సుగుణ వచ్చి లచ్చుమమ్మ పక్కన గొంతుక్కూర్చుంది. "ఏమంటావవ్వా?"

"మీ అత్తమ్మ చెప్పింది గదమ్మా. బాగుండాది."

సుగుణ ఆమె ముఖం చూసింది. తర్వాత నన్ను చూసింది. ఏదో అనబోయి ఆగినట్టనిపించింది. ఆఖరున మిగిలిన పళ్ళెం తీసుకుని తిని, లేచి, "ఉసేనన్నా, బస్తాలకు ఎక్కించు. రేపటి విందుకు గుడికి మూడు బస్తాలు, మిగతావి పాణ్యం కొట్టుకు," అంది.

ఆళ్లగడ్డ రాళ్ళ మధ్య

సాయంత్రం సుగుణతో కలిసి ఆళ్లగడ్డ బస్సెక్కాను. మా అమ్మ జ్ఞాపకంగా మందిరానికి ఒక రాతి ప్రసంగ పీఠం చేయిస్తున్నాడు తమ్ముడు. అది ఎంతవరకు వచ్చిందో చూడాలి.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కనే శిల్పాల పని. సగం చెక్కిన దేవతలు, నాయకులు, సింహాలు, ఎవరో తాతగారి విగ్రహం, అన్నీ ఒకే దుమ్ములో నిలబడి ఉంటాయి. మేం వెళ్ళిన చోట యజమాని వీరాచారి. ఇరవై మంది పనివాళ్ళు. సన్నటి మనిషి. గొంతు వినాలంటే మనమే వంగాలి.

పీఠం దగ్గరికి వెళ్ళి అంచు తడిమి చూశాను. నల్లరాతి మీద లిల్లీపువ్వుల అంచు ఎంత అందంగా వచ్చిందో, ఒక మూల అంతగా పెచ్చు ఊడిపోయి ఉంది. ఆ పొద్దునే ఉలి జారిందట. చెక్కిన మనిషి మద్దిలేటి దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్ళ మనిషి తప్పు చేసిన పిల్లాడిలా నేల చూస్తున్నాడు. ఇప్పుడు పడతాయి తిట్లు అనుకున్నాను. నేనైతే తిట్టి ఉండేదాన్ని.

వీరాచారి వెళ్ళి అతని పక్కన కూర్చున్నాడు. టీ తెప్పించి ఇద్దరూ తాగారు. "చెయ్యి నిలబడిందా?" అని అడిగాడు. మద్దిలేటి తలూపాడు. "అయితే నువ్వే చెప్పు. ఎట్ల చేద్దాం?"

మద్దిలేటి రాయి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "నాలుగు మూలలూ గుండ్రంగా తీస్తానయ్యా. పువ్వు వంగినట్ల వస్తాది."

"తియ్యి."

అంతే. ఎందుకు కోప్పడలేదని నేను ఉండబట్టలేక అడిగాను. "భయపడిన చెయ్యి రాయి మీద వణుకుతాదమ్మా. నేను అరిస్తే ఈ మూలతో ఆగదు, ఇంగో మూల పోతాది," అన్నాడాయన.

తిరుగు బస్సులో ఆయన్ని పొగుడుతూనే ఉన్నాను. ఎంత నిదానం, ఎంత పెద్దమనసు, యజమాని అంటే అలా ఉండాలి అని. సుగుణ చాలాసేపు విని, మెల్లగా అంది:

"అత్తా, ఆయన అరవకుంటే పెద్దమనిషి అంటాండావు. నేను అరవకుంటే మెత్తనిదాన్ని అంటాండారు. ఇద్దరం చేస్తాండేది ఒకటే గదా?"

అప్పుడు శిరివెళ్ల దాటుతున్నాం. నాకు రైల్లో ఖాసింబీ గుర్తొచ్చింది. నెమ్మదిగా ఉన్న భర్త బంగారం, కేకలేసిన భార్య గయ్యాళి. 

ఆదివారం

ఆరాధన తర్వాత మందిరం పందిట్లో ప్రేమవిందు. నెలకోసారి బియ్యం మా తమ్ముడి మిల్లు నుంచే వస్తాయి. పెద్ద గుండిగల్లో వండిన అన్నం చాపల మీద ఆరబోశారు. మొదటి పంక్తి కూర్చుంది. రెండు ముద్దలు తిన్నాక చేతులు నెమ్మదించాయి. ఒక తల్లి బిడ్డ నోటి దగ్గర చెయ్యి ఆపి అన్నం వాసన చూసింది. నేనూ తిన్నాను. ముక్కిన వాసన. ఎక్కడో కుప్పలో వడ్లు ఉక్కపట్టి ఉంటాయి. వేడి మీద తెలియలేదు. ఆరాక దాగలేదు.

అందరూ సాంబారు ఎక్కువ పోసుకుని తిన్నారు. అదే నాకు ఇంకా కష్టంగా ఉంది.

సుగుణ గోడ పక్కకు వెళ్ళి ఫోన్ తీసింది. "అన్నా, నిన్న మీకొచ్చిన బస్తాలు విప్పొద్దండి. బియ్యం ముక్కినాయి. తప్పు మాదే. రేపు పొద్దున వేరేవి పంపిస్తా." అవతల పాణ్యం కొట్టతను ఇంకా మూట కూడా విప్పలేదట. ఫిర్యాదు రాకముందే తప్పు ఒప్పుకుంది.

ఇంటికి చేరేసరికి సుందరం ముఖం మారిపోయింది. కాగితం బల్ల మీద పెట్టాడు. లచ్చుమమ్మ గుండిగలు తిరిగి ఇవ్వడానికి, ఉసేన్ పాణ్యం లారీ సంగతి మాట్లాడటానికి వచ్చి వసారాలో నిలబడ్డారు.

"చూసినావా అక్కా," అన్నాడు సుందరం. "పదిమందిని అడిగి చేసిన పని ఇది. గుడిలో పరువు పాయ."

తమ్ముడు కూతురివైపు చూశాడు. సుగుణ, "నాదే తప్పు నాయనా. నేనే ఎక్కించమన్నా," అంది. 

నాకు అర్థం కాలేదు. లచ్చుమమ్మను పిలిచాను. "నిన్న నువ్వూ తిన్నావుగా. నీకు తెలియలేదా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మొదటి ముద్దకే తెలిసెనమ్మా."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు మల్లెపూవంటివి గదమ్మా. ఆనందప్ప అక్కవు, ప్రార్థన చేసినావు. నీ మాట మీద నేనేం చెప్తా? మచ్చు అన్నం కాడ ముందు నేను చెప్పల్ల, తర్వాత వాళ్ళు, ఆఖరున పాప తినల్ల. పాప పెట్టిన పద్ధతి అది. పెద్దోళ్ళు ముందు మాట్లాడితే ఇంగెవరూ నిజం చెప్పరని."

అమ్మలారా, అయ్యలారా, ఆ క్షణం నేను ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. సుగుణకు ఇదంతా తెలుసు. అత్తను పదిమందిలో తక్కువ చెయ్యలేక నిన్న ఊరుకుంది. ఇప్పుడు నా పేరు చెప్పకుండా తప్పు తన మీద వేసుకుంది. ఆమె మిల్లు పోయేది నా సంతకంతో. నిలబడే దారి నా పేరు చెప్పడం. చెప్పలేదు.

లేచి నిలబడి అందరిముందూ చెప్పాను: "ఆ బియ్యం బాగున్నాయన్నది నేను. తప్పు నాది."

"నీ ఒక్కదానిదే కాదత్తా," అంది సుగుణ. "లచ్చుమవ్వ ముఖం చూసినా. నాకు అనుమానం వచ్చింది. అయినా నిన్ను ఆపలేకపోతి. అది మెత్తదనం గాదు, పిరికితనం. ఇంగోతూరి చెయ్యను. నిన్ను గూడా ఆపుతా."

తమ్ముడు కాగితం నావైపు జరిపాడు. "అక్కా... నువ్వు... చెప్పు."

నోటి దాకా వచ్చిన మాటను మింగేశాను. "నేను ఆఖరున చెప్తాను. ముందు వీళ్ళు చెప్పాలి," అన్నాను.

ఉసేన్ తల గోక్కున్నాడు. "నిజం చెప్తే కోపం రాగూడదు. మొదట్లో ఆరునెలలు మేం పాపతో ఆటలాడినాం. తిట్టదని తెలిసి ఆలస్యంగా వస్తాంటిమి. ఒకదినం పొద్దున వచ్చేసరికి పాపే బస్తా లాగుతాంది. సిగ్గైపాయె. అప్పట్నుంచి ఆలస్యం లేదు. సుందరప్పా, నువ్వొస్తే పని నడుస్తాది. కాదనను. కానీ మిషను కాడ చప్పుడు తేడా వస్తే, నీకు చెప్పేదానికి భయపడతాం."

అప్పుడు ఎవరూ అనుకోనిది జరిగింది. తమ్ముడు కుర్చీలో ముందుకు వంగి లచ్చుమమ్మను చూశాడు. "నా... కాలంలో... అన్నం... బాగుండెనా?"

లచ్చుమమ్మ గబుక్కున నవ్వేసింది. "రెండు మూడు తూర్లు ముక్కిండె నాయనా. చెప్తే అరుస్తావని చెప్పలే. ఇంటికి తీసకపోయి కోళ్ళకేసినా."

 తమ్ముడి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని సుశీల పరుగెత్తింది. వాడు నవ్వుతున్నాడు. పక్షవాతం వచ్చాక వాడు అలా నవ్వడం అదే మొదటిసారని తర్వాత సుశీల చెప్పింది. నవ్వుతూనే ఎడమ చెయ్యి చాచి కూతురి తల మీద పెట్టాడు.

"సరేలే," అన్నాడు సుందరం, తనూ నవ్వు ఆపుకోలేక. "కోళ్ళకు గూడా తెలిసిన సంగతి మనకు తెలియకపాయె." కాగితం మడిచి తనే జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు నేను చెప్పాను: "సంతకం పెట్టను."

తిరుగు ప్రయాణానికి ముందు

సోమవారం మధ్యాహ్నం బండికి టైముంది. మిల్లుకు వెళ్ళాను. కొత్త రాశి నుంచి మచ్చు అన్నం వండారు. ఉసేన్ కుర్చీ తెచ్చాడు. వద్దని, కష్టపడి నేల మీద కూర్చున్నాను, వరసలో చివర, సుగుణకు ముందు. ప్రార్థన మనసులోనే చేసుకున్నాను.

లచ్చుమమ్మ ముద్ద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నా దగ్గరికి పళ్ళెం వచ్చింది. తిన్నాను. నాకు బాగానే ఉంది. పెదవులు బిగబట్టుకున్నాను. సుగుణ నన్ను చూసి, నవ్వు దాచుకోవడానికి తల తిప్పుకుంది.

"కొత్త బియ్యం గదా, మెత్తగయితాంది," అంది లచ్చుమమ్మ. "ఇంగో మూడు నెలలు నిలవ పెట్టల్ల."

"అట్లే అవ్వా," అని సుగుణ ఆఖరి పళ్ళెం తీసుకుంది.

బాపట్ల వచ్చి పదిరోజులైంది. మొన్న మన సండేస్కూలు టీచర్ల కూటంలో, ఎప్పటిలా నేను మొదలుపెట్టకుండా, అందరికంటే చిన్నదైన టీచరును ముందు మాట్లాడమన్నాను. ఆ పిల్ల బిత్తరపోయి నా ముఖం చూసింది. ఎన్నేళ్ళుగా ఎంతమంది అలా చూశారో. వాళ్ళు మింగేసిన మాటలన్నీ ఇప్పుడు నాకు వినిపిస్తున్నట్టుంది.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం ఈ పేజీ పక్కన పెట్టండి. ఇంట్లోనో, కొట్లోనో, బడిలోనో, సంఘంలోనో మీ మాట కోసం ఎదురుచూసేవారు ఉంటారు. వాళ్ళ పేర్లు తలచుకుని నాతో కూడా చెప్పండి: ప్రభువా, మా కింద ఉన్నవారు మాకు భయపడి నిజం దాచే రోజు రానివ్వకు. గట్టి గొంతు ఉన్నవారికి ఆగడం నేర్పు. మెత్తని గొంతు ఉన్నవారికి తప్పును తప్పనే ధైర్యం ఇవ్వు. నీ బల్ల దగ్గర మమ్మల్ని చివర కూర్చోబెట్టినా, మా పళ్ళెం నీ చేతి నుంచే రానివ్వు. ఆమేన్.